సర్పశాలలో అంటువ్యాధి

1970 దశాబ్దపు నడుమ అమెరికాలో పాములను పెంచువారికి ఒక వింత వ్యాధి ఎదురయ్యెను. బోవాలు, వాని బంధువులైన కొండచిలువలు తల నిలుపలేక, మెడ విరిచి ఆకాశమువంక చూచుచుండెడివి. వెల్లకిల తిప్పినచో మరల బోర్లపడలేకుండెడివి. చచ్చిన పాముల జీవకణములను సూక్ష్మదర్శినితో పరీక్షింపగా లోపల ప్రోటీను ముద్దలు కనబడెను. వానినిబట్టియే ఇంక్లూజన్ బాడీ వ్యాధి యని పేరు వచ్చెను. కాని కారణము దొరకుటకు ముప్పదియైదేండ్లకు పైగా పట్టెను.

మొదట రిట్రోవైరస్‌లను అనుమానించిరి. కాని అవి జబ్బులేని పాములలోను ఉండుటచే ఆ వాదము నిలువలేదు. తుదకు తన బోవాకు జబ్బుచేసిన ఒక మహిళ, వైరస్ పరిశోధకుడైన జోసెఫ్ డెరీసీకి లేఖ వ్రాసెను. ఆయనయు, మార్క్ స్టెంగ్లైన్ మున్నగువారును రోగపు పాముల కణములనుండి ఆర్.ఎన్.ఏ.ను తీసి, అందులో పాముది కానిదానిని ఏరిరి. 2012లో ప్రకటించిన ఫలితము అందరిని ఆశ్చర్యపరచెను. అవి అరీనావైరస్‌లు! లాస్సా జ్వరము తెచ్చునది ఈ కుటుంబములోనిదే. అంతవరకు ఇవి స్తన్యజంతువులలో, ముఖ్యముగా ఎలుకజాతిలో, మాత్రమే ఉండునని తలచిరి.

కారణము తెలియకమునుపే పెంపకందారులు చేయుచుండిన పనులు చాలవరకు సరియైనవే. క్రొత్త పామును నెలల తరబడి వేరుగదిలో ఉంచెడివారు. పాతవానికి మేతవేసిన పిదపనే క్రొత్తదానికడకు పోయెడివారు. కొంకులు, నీటిపాత్రలు కలిపి వాడెడివారు కారు. పొలుసుల సందున దాగి రక్తము పీల్చు నల్లివంటి పురుగులు రోగమును మోసికొనిపోవునని శంకించి వానిని నిర్మూలించెడివారు. ఆ శంక నేటికిని తొలగలేదు.

చిక్కంతయు బోవాతోనే. కొండచిలువకు సోకినచో సాధారణముగా త్వరలోనే లక్షణములు బయటపడును. బోవా అట్లు కాదు. ఏండ్ల తరబడి ఆరోగ్యముగనే తిని తిరుగుచు వైరస్‌ను మోయగలదు. అట్టిదాని విషయమున ఎన్ని నెలలు వేరుగదిలో ఉంచి కంటితో కనిపెట్టినను ఫలమేమి? వైరస్ గుర్తులు తెలిసిన తరువాతనే రక్తములో దానిని నేరుగా వెదకుట సాధ్యమయ్యెను. అయినను ఒక్క పరీక్షలో కనబడనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

తల్లినుండి పిల్లలకును ఇది సంక్రమించునని 2017లో వెల్లడియైనది. చికిత్స లేదు. కనుక పుట్టిన పిల్లలను వేరుచేసిన చాలదు; జతకట్టించుటకు ముందే తల్లిదండ్రుల రక్తమును పరీక్షింపవలెను.