దారిబత్తెం

గోదావరి కలప, అరబ్బీ వైద్యం, మక్కా బాట

పోలవరం దగ్గర గోదావరి కొండల్ని విడిచిపెడుతుంది. పాపికొండల మధ్య ఇరుకున పడి వచ్చిన నది అక్కణ్ణుంచి ఒళ్ళు విరుచుకుని మైదానంలోకి దిగుతుంది. వరద రోజుల్లో ఆ రేవులో చేతికందేది ఎర్రనీరే. కుళాయిలు లేని కాలంలో గోదారి గట్టు ఊళ్ళవాళ్ళు కడవ లోపల చిల్లగింజ అరగదీసి, మట్టి అడుగుకు దిగాక పైతేట వంచుకుని తాగేవారు. దాహం తీరాలంటే నీళ్ళుంటే చాలదు, తాగదగ్గ నీళ్ళు కావాలి. ఏటి ఒడ్డున పుట్టినవాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఎడారి దాటి మక్కాకు నడిచినవాళ్ళకు ఇంకా బాగా తెలుసు.

ఇస్లాం తొలి శతాబ్దాల పండితులు హజ్ గురించి విస్తారంగా రాశారు. ఇహ్రాం దీక్ష ఎక్కడ కట్టాలి, కాబా చుట్టూ ఎలా తిరగాలి, అరఫాత్ మైదానంలో ఎప్పటిదాకా నిలవాలి అని వివరించే పుస్తకాలకు 'మనాసిక్' అని పేరు. అయితే విధులు చెప్పి వాళ్ళు ఊరుకోలేదు. బుఖారీ హదీసు సంకలనంలో ఒక ఉదంతం ఉంది. యెమెన్ నుంచి కొందరు దేవుడి మీదే భారం వేశామంటూ వట్టి చేతులతో హజ్‌కు వచ్చేవారు. మక్కా చేరాక జనాన్ని యాచించేవారు. హజ్‌కు దారిబత్తెం వెంట తెచ్చుకోమన్న ఖురాన్ ఆదేశం ఆ సందర్భంలోనే వచ్చిందని ప్రవక్త పినతండ్రి కొడుకు ఇబ్న్ అబ్బాస్ చెప్పాడు. భక్తి ఎంత ఉన్నా మూట కట్టుకోవడం మానకూడదన్నది అందులోని నీతి.

వైద్యుడి పుస్తకం

తొమ్మిదో శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫాల కొలువులో ఉన్నతోద్యోగి హసన్ ఇబ్న్ మఖ్లద్ హజ్‌కు బయల్దేరాడు. ఆయన కోసం వైద్యుడు ఖుస్తా ఇబ్న్ లూకా ఒక చిన్న పుస్తకం రాశాడు. ఖుస్తా నేటి లెబనాన్‌లోని బాల్‌బెక్‌కు చెందిన క్రైస్తవుడు, గ్రీకు శాస్త్ర గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చినవాడు. తనది కాని మతంలోని యాత్రకు, తనది కాని మతంవాడి క్షేమం కోరి 14 అధ్యాయాలు రాశాడు.

అందులో చర్చంతా ఒంటి గురించే. ప్రయాణంలో ఏం తినాలి, ఎంత నిద్ర పోవాలి? అలసట అంటే ఏమిటి? నడిచి నడిచి పట్టేసిన ఒంటిని, పాదాలను ఎలా మర్దనా చేయాలి? గాలులకు చెవిపోటు వస్తే, దుమ్ముకు కళ్ళు మండితే ఏం చేయాలి? విషపురుగు కుడితే మందేమిటి? నీటి గురించే ఎన్నో సంగతులు చెప్పాడు: మంచి నీటిని ఎలా గుర్తుపట్టాలి, చెడినదాన్ని ఎలా బాగుచేయాలి, చుక్క దొరకనప్పుడు దాహాన్ని ఎలా ఓర్చుకోవాలి. చివర్లో 'మదీనా నరం' అనే జబ్బు ఎందుకొస్తుందో, రాకుండా ఏం చేయాలో, వస్తే వైద్యమేమిటో రాశాడు.

ఆ జబ్బు మనకు పరాయిది కాదు. తెలుగునాట దాన్నే నారికురుపు అన్నారు. కంటికి ఆనని నీటిపురుగుల ద్వారా, ఈ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు కడుపులోకి చేరతాయి. సుమారు ఏడాది గడిచాక, మీటరు దాకా పొడవుండే పురుగు చాలావరకు కాలిలోంచే బయటికొస్తుంది. పుల్లకు చుట్టి రోజుకు కాస్త చొప్పున లాగాల్సిందే. దారిలో తాగిన నీటికి యాత్రికుడు ఇంటికొచ్చాక శిక్ష అనుభవించేవాడన్నమాట. నీటిని గుడ్డతో వడగట్టడమే దీనికి అసలైన కాపుదల. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్‌ను ఈ వ్యాధి లేని దేశంగా ప్రకటించింది.

నీటి విలువ గుర్తించిన మరొకరు ఖలీఫా హారూన్ అల్ రషీద్ భార్య జుబేదా. కూఫా నుంచి మక్కాకు వెళ్ళే ఎడారి బాటలో ఆమె తవ్వించిన బావులు, చెరువులు యాత్రికులను బతికించాయి. ఆ బాటకు ఆమె పేరే నిలిచింది.

నరసాపురం ఓడ

మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకు ఎడారి కంటే ముందు సముద్రం అడ్డొచ్చేది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ సుల్తానుల ఓడలు మచిలీపట్నం నుంచి ఎర్ర సముద్రంలోని మోఖా రేవుకు వెళ్ళేవి. వాటిలో సరుకుతో పాటు యాత్రికులూ ఉండేవారు. మక్కా, మదీనాల్లో దానానికి సుల్తాను పంపే బియ్యమూ వెళ్ళేది. 1618-22 మధ్య మచిలీపట్నంలో ఉన్న ఆంగ్ల వర్తకుడు విలియం మెథ్వోల్డ్ ఈ రాకపోకలను నమోదు చేశాడు.

సుల్తానుల ఓడలు తయారైన పెద్ద రేవు వశిష్ఠ గోదావరి మీది నరసాపురం. 1670లలో ఈ తీరమంతా తిరిగిన నావికుడు థామస్ బౌరీ, అక్కడి కలప సమృద్ధినీ ఓడలు కట్టడానికున్న వసతినీ మెచ్చుకున్నాడు. ఎగువ అడవుల్లో నరికిన దుంగలు నీటివాలున దిగివచ్చేవి. పోలవరం రేవు ముందునుంచి తప్ప వాటికి వేరే దారి లేదు. మన్యంలో గొడ్డలి పట్టినవాడు, తెప్ప నడిపినవాడు, నరసాపురంలో పలక బిగించిన వడ్రంగి మక్కా చూసి ఉండకపోవచ్చు. అయినా ఆ యాత్రలో వాళ్ళకూ పాలుంది.

హజ్ చాంద్రమానం ప్రకారం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. రుతుపవనం జరగదు. శీతాకాలపు గాలికి వెళ్ళిన ఓడ మళ్ళీ నైరుతి గాలి కోసం కాచుకోవాలి. కాబట్టి మూటలో నెలల తరబడి సరిపడే తిండి, అంతకు మించిన ఓర్పు ఉండాల్సిందే.

గోల్కొండ పోయాక హైదరాబాదు నిజాముల కాలంలో మక్కాలో మనవాళ్ళ కోసం 'రుబాత్'లు వెలిశాయి. రుబాత్ అంటే సత్రమే. 1888లో హైదరాబాదులో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్, రాతప్రతుల్లో మగ్గుతున్న తొలినాటి అరబ్బీ గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేసింది. హజ్ విధులను వివరంగా చర్చించే బైహఖీ 'సునన్ అల్ కుబ్రా' పది సంపుటాలు అక్కడే వెలువడ్డాయి. అరబ్బు దేశాల పండితులు ఆ ప్రతులనే ముందేసుకుని చదువుకున్నారు. ఓడలు పంపిన నేల ఆ తర్వాత పుస్తకాలు పంపింది.

దారిబత్తెం లెక్క మన ఏటి యాత్రకూ వర్తిస్తుంది. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజు, రాజమహేంద్రవరం ఘాట్‌లో తొక్కిసలాట జరిగి భక్తుల ప్రాణాలు పోయాయి. వాళ్ళు భక్తి తక్కువై పోలేదు. దారి ఎంత వెడల్పుండాలి, ఎవరు ముందు దిగాలి, నీళ్ళెక్కడ అందాలి అన్న లెక్క తప్పితే భక్తి ప్రాణం నిలబెట్టలేదు. మళ్ళీ 2027లో పుష్కరాలు రానున్నాయి. ఖుస్తా వేసుకున్న ప్రశ్నలు ఏ మతం యాత్రకైనా వర్తిస్తాయి: తాగే నీరు, నడిచే పాదం, విశ్రాంతికి చోటు. యాత్రికుడు తన మూట తాను కట్టుకుంటాడు. అతను మోసుకురాలేని దారిబత్తెం సిద్ధం చేయాల్సింది రేవు ఒడ్డున ఉన్న మనమే.