చూడకుండా పెట్టిన సంతకం

నేను ఇంగ్లండు వచ్చిన మరుసటి ఏడు, 1970లో, ఫ్యాక్టరీలో తోటి ఉద్యోగి ఒకడు టీ వేళ అడిగాడు: "మీ ఊళ్ళో కూడా రాబందులు చచ్చిన గేదెల్ని పీక్కు తింటాయా?" ముందు రాత్రి బీబీసీలో అతను ఫ్రెంచి దర్శకుడు లూయీ మాల్ తీసిన డాక్యుమెంటరీ చూశాడట. నాకప్పుడు టీవీ లేదు.

మాల్ 1968లో ఇద్దరు సహచరులతో మన దేశం తిరిగి, ఏడు భాగాల 'ఫాంటమ్ ఇండియా' తయారుచేశాడు. దేశం పరువు తీశాడని ఇక్కడి మనవాళ్ళకు కోపం వచ్చింది. ప్రసారం ఆపమని భారత ప్రభుత్వం కోరింది. బీబీసీ వినలేదు. దాంతో ఢిల్లీలో బీబీసీ కార్యాలయం మూతపడింది. 1972లో గాని తెరుచుకోలేదు. ఆ రోజుల్లో మా మధ్య తిరిగిన నిరసన పత్రం మీద నేనూ సంతకం పెట్టాను.

చాలా ఏళ్ళకు డీవీడీ దొరికితే మనవరాలితో కలిసి చూశాను. రాబందులు మొదటి భాగంలోనే ఉన్నాయి. రెండో భాగం మద్రాసు: రథోత్సవం, కళాక్షేత్రలో భరతనాట్యం నేర్చుకునే పిల్లలు. కెమెరాను వింతగా చూసే మన జనం చూపుల్ని కూడా మాల్ కత్తిరించలేదు. అయినా ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో ఎంచుకున్నది ఆయనే.

"తాతయ్యా, చూడకుండానే సంతకం పెట్టావా?" అంది మనవరాలు. నా దగ్గర జవాబు లేదు.

ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఒక్కటే నోట పడ్డవాడు పచ్చడే చేదంటాడు. నా తోటి ఉద్యోగి చేసింది అదే. నేనైతే గిన్నె మూత తీయకుండానే రుచి చెప్పేశాను.

మన పిల్లలు మన దేశం గురించి ఇంకా ఎన్నో చిత్రాలు చూస్తారు. పక్కన కూర్చుని చివరిదాకా చూద్దాం. కోప్పడాలంటే ఆ తర్వాతే కోప్పడదాం.