కోలారు సీమలో జెముడు మొక్కలు

కోలారు జిల్లాలో ఏడాది పొడుగునను పారెడు నది యొక్కటియు లేదు. పాలారు పేరునకు నదియే గాని వానలు కురిసిననే దానిలో నీరు కానవచ్చును. పూర్వులు చెరువులను నమ్మి కాపురములు చేసిరి. అట్టి సీమలో 1880లో జాన్ టేలర్ అండ్ సన్సు వారు బంగారు గనుల పని చేపట్టిన పిమ్మట, చిత్తూరు, ఉత్తర ఆర్కాడు ప్రాంతములనుండి వేలకొలది కుటుంబములు వచ్చి చేరినవి. బేతమంగళము నుండి గొట్టముల గుండ నీరు తెప్పించిరి. దొరల బంగళాలలో గులాబీలు పూచినవి. కూలీల లైన్లలోను, మా ఆండర్సన్‌పేట సందులలోను కుళాయి యొద్ద బిందెలు వరుస కట్టెడివి. అచట పూలమొక్కకు చెంబెడు నీరు పోయుట కూడ ఆలోచింపదగిన ఖర్చే.

కనుకనే ఈ ఊళ్ళలో జెముడు కుదురుకొన్నది.

జెముడన్నంతనే అందరును నాగజెముడును తలతురు. కన్నడిగులు దానిని పాపాసు కళ్ళి యందురు. అది అమెరికా ఖండపు మొక్క, వేరు కుటుంబము. ఒకప్పుడు దక్షిణ దేశపు బీళ్ళ నెల్ల నాక్రమించిన ఆ మొక్కను, 1926లో సింహళము నుండి తెచ్చి వదలిన ఒక చిన్న పురుగు చాలమట్టుకు నాశనము చేసినది. నేను చెప్పునది పాలుగారెడు అసలు జెముడు: బొమ్మజెముడు, ఆకుజెముడు, కాడజెముడు మున్నగునవి. ఈ జాతిలో సుమారు 2,000 రకములు కలవు. పొలము గట్టున కంచెగా నిలచిన కాడజెముడును మేక కూడ ముట్టదు.

ఈ జాతికి యుఫోర్బియా యని పేరు. ఆఫ్రికా ఉత్తర తీరమున మారెటానియా నేలిన రెండవ జూబా రాజు తన వైద్యుడైన యుఫోర్బసు పేరు ఈ మొక్కకు పెట్టెనట. 1753లో స్వీడను పండితుడు లిన్నేయసు ఆ పేరునే స్థిరపరచి, కాడజెముడునకు మాత్రము ‘తిరుకల్లి’ యని మలయాళపు పేరు నిలిపెను. కొచ్చిలోని డచ్చి అధికారి వాన్ రీడు 1678 – 1693 నడుమ ముద్రింపించిన ‘హోర్టస్ మలబారికస్’ దీనికి దారి చూపినది. మన తిరుకళ్ళి లాటిను శాస్త్రములో శాశ్వతముగా చోటు చేసికొన్నదన్నమాట!

కుండీలలో పెంచదగినది మడగాస్కరు నుండి వచ్చిన ముళ్ళజెముడు. రీయూనియన్ ద్వీపపు మాజీ గవర్నరు మిలియసు దీనిని 1821లో ఫ్రాన్సునకు చేర్చెను. 1826లో ఆయన పేరు మీదుగ ‘మిలియై’ యని నామకరణమైనది. క్రైస్తవులు దీనిని క్రీస్తు ముళ్ళ కిరీట మందురు. ఎఱ్ఱగా పువ్వులవలె కనబడునవి పువ్వులు కావు, రంగు రేకులు. అసలు పువ్వు వాని నడుమ ఆవగింజంత యుండును. థాయిలాండు తోటమాలులు పెద్ద రేకుల సంకరజాతులను తీసిరి. అవి చిన్న కుండీలోనే పొట్టిగా గుబురై యుండును.

ముళ్ళమొక్క ఇంట నుండరాదని మా వీధి ఆడవారు అనుచుందురు. గులాబీకి ముళ్ళు లేవా? ఆయుర్వేదమున స్నుహి యని జెముడు పాలను క్షారసూత్రము తయారు చేయుటకు వాడుదురు. ఆ మొక్కను అశుభ మనుట నాకు న్యాయముగా తోచదు. అయితే వారి భయములో ఒక పాలు నిజము లేకపోలేదు. ఈ పాలు కంటిలో పడిన చూపునకే ప్రమాదము. పసిపిల్లలున్న ఇంట అరుగు మీద పెట్టరాదు. పడినయెడల వెంటనే మంచినీటితో చాలసేపు కడిగి వైద్యుని యొద్దకు పోవలెను, నాటువైద్యము పనికిరాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అనేక కుటుంబములు బెంగుళూరునకు రైలెక్కి పనులకు పోవుట అలవాటు చేసికొన్నవి. ఉదయము పోయినవారు రాత్రికి గాని రారు. ఇంట నీరు పోయువారు లేక మల్లె, కనకాంబరము ఎండిపోగా, గోడమీద డబ్బాలోని ముళ్ళజెముడు మాత్రము పూయుచునే యున్నది. ఇది మా పేటలో నేను పలుచోట్ల చూచినదే.

నాటువారు వేసవికి ముందు జానెడు కొమ్మ కోసి, పాలు కడిగి, వారము దినములు నీడలో ఆరబెట్టవలెను. మూడుపాళ్ళు ఇసుక, ఒకపాలు ఎఱ్ఱమట్టి చాలును. పేడ ఎక్కువైన ఆకులు పెరుగును గాని పూవు రాదు. కుండీ అడుగున తూటు తప్పనిసరి. మట్టి పూర్తిగా ఆరిన పిమ్మటనే నీరు. ఎండకు చచ్చిన జెముడు అరుదు. మా ఇండ్లలో చచ్చినవన్నియు ప్రేమకొద్ది నీరు పోయుటచేత కుళ్ళి చచ్చినవే.