సులోచనముల చీటీలో మూడంకెలు

తడ చెన్నపట్టణమునకును తిరుపతికిని నడుమనున్న ఊరు. 1819లోనే కంటివైద్యశాల వెలసిన చెన్నపట్టణమునకు కొందరు, తిరుపతికి కొందరు కంటిపరీక్షకై పోవుదురు. ఒకే కంటికి రెండుచోట్ల వ్రాసిన చీటీలలో అంకెలు వేరుగా నున్నచో, ఏది నమ్మవలెను? క్రొత్త అద్దములకు మరల సొమ్ము వెచ్చింపవలెనా? ఈ సందేహమును తీర్చుటకు కొంత చరిత్ర తెలియవలెను.

కంటి ముందుపొర బంతివలె సమముగా గాక కోడిగ్రుడ్డు ప్రక్కవలె వంగియున్నచో, చూచిన బిందువు గీతవలె సాగును. 1801లో థామస్ యంగ్ తన కంటియందలి ఇట్టి దోషమునే వివరించి ప్రకటించెను. 1825లో కేంబ్రిడ్జి పండితుడు జార్జి ఏరీ, అట్టకు సన్నని రంధ్రము చేసి, దానిని ఎడమకంటికి దగ్గరగా జరుపుచు చూచెను. ఆరంగుళముల దూరమున ఆ వెలుగుచుక్క ఒక గీతగాను, మూడున్నర అంగుళముల దూరమున దానికి అడ్డముగా మరియొక గీతగాను తోచెను. ఆ కొలతలనుబట్టి ఇప్స్‌విచ్ పట్టణమున ఫుల్లర్ అను పనివానిచే స్థూపాకార కటకమును చేయించుకొనెను. "బిందువు లేనిది" అను అర్థమున ఈ దోషమునకు ఆస్టిగ్మాటిజమ్ అను పేరు సూచించినవాడు విలియం హ్యూయెల్.

నేటి చీటీలో మొదటి అంకె స్ఫియర్, అనగా అన్ని దిక్కుల సమానమైన శక్తి. రెండవది సిలిండర్, ఒక దిక్కున మాత్రమే చేర్చిన శక్తి. మూడవది యాక్సిస్, ఆ స్థూపమును నిలుపవలసిన కోణము. పూర్వము కటకములను అంగుళములలో లెక్కించెడివారు. అంగుళమో దేశమున కొక తీరు. 1872లో మొనోయే డయాప్టర్ అను కొలతను ప్రతిపాదించుటతో ఆ చిక్కు తీరెను. కోణమును కొలుచు పద్ధతిని 1917లో జర్మనీ నిపుణుల సంఘ మొకటి స్థిరపరచెను. కాని సిలిండరును ప్లస్‌గా వ్రాయు వాడుకయు, మైనస్‌గా వ్రాయు వాడుకయు రెండును నిలిచిపోయినవి.

ఒక చీటీలో మైనస్ 2.00, ప్లస్ 1.00, 90 అనియు, వేరొకదానిలో మైనస్ 1.00, మైనస్ 1.00, 180 అనియు ఉన్నవనుకొందము. మొదటి చీటీలోని తొలి రెండంకెలను గుర్తులతో కూడినచో మైనస్ 1.00 వచ్చును, అది క్రొత్త స్ఫియర్. సిలిండరు గుర్తును మాత్రము మార్చవలెను. యాక్సిస్‌కు 90 కలుపవలెను. మొత్తము 180 దాటునట్లయిన, కలుపుటకు మారుగా 90 తీసివేయవలెను. చూడుడు, రెండు చీటీలును ఒకే అద్దమును చెప్పుచున్నవి!

ఇట్లు మార్చిన పిమ్మటను అంకెలు కలియనిచో, రెండు చీటీలను వైద్యునికి చూపి అడుగుట మేలు. కలిసినచో పాత జోడునే తుడిచి పెట్టుకొనవచ్చును, సొమ్ము మిగులును.