ఔషధాన్ని తొలుత సేవించినదెవరు?

స్థూలకాయాన్ని తగ్గించే కొత్త సూదిమందుల ముచ్చట ఇప్పుడు మా గోదావరి సీమ పెళ్ళిపందిళ్ళలో సైతం వినవస్తున్నది. ధర ఎంత, ఎన్ని కిలోలు తగ్గుతాము అని అడిగేవారే గాని, దానిని మొట్టమొదట ఎవరి ఒంటిపై పరీక్షించారని అడిగినవారు నాకింకా తారసపడలేదు.

ఈ ప్రశ్న పాతదే. మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఫ్రాన్సు మందుగుండు కర్మాగారాలలో డైనైట్రోఫినాల్ అనే రసాయనం సోకిన కార్మికులు చెమటలతో, జ్వరంతో చిక్కిపోయారు, కొందరు మరణించారు. ఆ రసాయనమే బరువు తగ్గిస్తుందని 1933లో స్టాన్‌ఫర్డ్ వైద్యులు ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి అమెరికాలో దానిని వాడినవారు సుమారు లక్షమంది. కొందరికి కంటిలో శుక్లాలు ఏర్పడ్డాయి. కొందరు తీవ్రజ్వరంతో కన్నుమూశారు. ముందు పరీక్ష, తరువాత అమ్మకం అనే క్రమం నాడు లేదు. కొనుక్కున్నవారే పరీక్షకు గురైనవారు. అమ్మకానికి ముందు మందు సురక్షితమని చూపాలన్న నిబంధన అక్కడ 1938లో గాని రాలేదు.

ఆ చట్టం మందు గుణమడిగింది గాని, సేవించేవారి సమ్మతి అడగలేదు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధన సాగినది ఆ కాలంలోనే. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహించారు. అక్కడ తయారైన ఫోలిక్ ఆమ్ల సమ్మేళనాలను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి చూశారు. వ్యాధి తగ్గకపోగా మరింత వేగం పుంజుకొన్నట్లు ఆయనకు తోచింది. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొనే మందు కావాలన్న ఆలోచన ఆ కీడులోనుండి బలపడింది. సుబ్బారావు గారి బృందం అమినాప్టెరిన్‌ను అందించింది. 1948 జూన్‌లో వెలువడిన ఫలితాల ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి గుణం కనిపించింది, అదీ తాత్కాలికంగానే. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ ప్రాణాలు నిలుపుతున్నది.

పరీక్షకు లోనయ్యే మనిషి స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని 1947లో నురెంబర్గ్ న్యాయస్థానం చెప్పింది. అమెరికా ఔషధచట్టంలో ఆ మాట చేరడానికి 1962 దాకా పట్టింది.

సుబ్బారావు గారి శతజయంతికి 1995లో తపాలాబిళ్ళ వెలువడింది, సముచితమే. అయితే తొలి మందుతో మేలు పొందని ఆ పసివారూ ఆ విజయంలో భాగస్వాములే. నేడు బరువు తగ్గించే మందయినా, మరొకటయినా, మొదటి మోతాదు ఎవరో కొద్దిమంది స్వచ్ఛందంగా తీసుకొన్న తరువాతనే మనదాకా వస్తుంది. వారు సంతకం చేసే సమ్మతిపత్రం వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. మన ప్రాంతంలోనైతే అది చక్కని తెలుగులో ఉండాలి. భాషాభిమానులమైన మనం అడగవలసిన మాట ఇది.

విజ్ఞులైన మిత్రుల అభిప్రాయాలకు స్వాగతం.