వాన నమాజుకూ ఒంటి వాపుకూ ఒకటే పేరు

నా చిన్నప్పుడు కరువొచ్చిన ఏడాది మా ఊరి ఈద్‌గాలో నమాజె ఇస్తిస్ఖా చదివారు. ఇస్తిస్ఖా అంటే నీళ్ళు కోరడం అని ఉర్దూ స్కూల్లో మౌల్వీ సాబ్ చెప్పారు. చాలా ఏళ్ళ తర్వాత అబ్బా కాళ్ళు ఉబ్బాయి. హకీమ్ సాబ్ ఆయన పాదాన్ని వేలితో నొక్కారు. పడిన గుంట పూడలేదు. "ఇస్తిస్ఖా హై, దిల్ డాక్టర్‌కి చూపించండి" అన్నారు. యూనానీలో ఒంట్లో నీరు చేరే మర్జ్‌కి కూడా అదే పేరని అప్పుడే తెలిసింది నాకు.

డాక్టర్ హార్ట్ ఫెయిల్యూర్ అని రాశారు. ఆ 'ఫెయిల్' మాట వినగానే అమ్మీ ఏడుపు మొదలెట్టింది, గుండె ఆగిపోతుందనుకుని. ఆగడం కాదది. గుండె బలం తగ్గో, బిగుసుకుపోయో ఒంటికి కావలసినంత రక్తం అందించలేకపోవడం. రక్తం తక్కువ అందేసరికి కిడ్నీలు ఉప్పునీ నీటినీ బయటికి వదలవు. ఆ నీరు పగలు కాళ్ళలోకి దిగుతుంది, పడుకుంటే ఊపిరితిత్తుల్లో చేరి సాంస్ ఆడనివ్వదు. అబ్బా నెల రోజులుగా మూడు దిండ్లకు ఆనుకుని నిద్రపోతున్నది అందుకేనట. మేమేమో వయసు అనుకున్నాం.

గుండెకీ ఊపిరితిత్తులకీ మధ్య ఉన్న ఆ దారిని రాసిపెట్టినవాడు ఖాహిరాలో వైద్యం చేసిన ఇబ్న్ నఫీస్. గుండె కుడి గది నుంచి ఎడమ గదికి రక్తం మధ్యగోడలోని కనబడని రంధ్రాల గుండా పోతుందని జాలీనూస్ కాలం నుంచీ నమ్మకం. 1242లో ఇబ్న్ సీనా 'ఖానూన్'కి షరహ్ రాస్తూ ఆయన, గోడలో రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే వస్తుందన్నాడు. షరహ్ రాస్తూ ఉస్తాదునే కాదన్నాడన్నమాట! ఆ రాతప్రతి 1924లో బెర్లిన్‌లో ఒక ఈజిప్టు డాక్టర్ కంటబడేదాకా లోకానికి ఆయన సంగతి దాదాపు పట్టలేదు. ఇది చెప్పి ఛాతీ విరిచేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. కానీ దారి తెలిసినంత మాత్రాన దవా దొరకలేదు.

దవా ఇంగ్లండులో దొరికింది, అదీ ఒక ముసలామె ఇంటి నుస్ఖాలో. 1775లో విలియం విదరింగ్ అనే డాక్టర్ చేతికి అది వచ్చింది. అందులో ఇరవై దాకా మూలికలు. పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఆకు ఒక్కటేనని ఆయన పట్టుకున్నాడు. కొలత తప్పితే అది జహరే: వాంతులు, చూపు పచ్చబారడం, నాడి మందగించడం. పదేళ్ళు వాడి చూసి 1785లో 163 మంది రోగుల వివరాలతో పుస్తకం వేశాడు. బాగుపడ్డవాళ్ళవే కాదు, వికటించినవాళ్ళవి కూడా దాచకుండా రాశాడు. నాకు ఆయన మీద ఇజ్జత్ అందుకే. ఈ మొక్కల జాతి నుంచే 1930లో డిగాక్సిన్ తీశారు.

అయితే 1997లో తేలిందేమిటంటే, డిగాక్సిన్ ఆసుపత్రి పాలవడం తగ్గిస్తుంది గానీ ఆయుష్షు పెంచదు. అప్పటిదాకా డాక్టర్లకూ మనకూ ఒకటే ఆలోచన: నీరసించిన గుండెను అదిలించి పనిచేయించాలి. ఉల్టా సంగతి స్వీడన్ నుంచి వచ్చింది. 1975లో గోథెన్‌బర్గ్‌లో వాగ్‌స్టైన్ బృందం ఏడుగురు రోగులకు గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ ఇచ్చింది. బలహీనమైన గుండెకు అది ఇవ్వకూడదని డాక్టర్లు చదువుకున్న రోజులవి. వాళ్ళను నమ్మడానికి పాతికేళ్ళు పట్టింది. 1999లో రెండు పెద్ద పరీక్షల్లో మరణాలు మూడోవంతు దాకా తగ్గాయి. అలసిన గుండెను ఒంట్లోని హార్మోన్లే కొరడా పట్టి తోలుతున్నాయి, ఆ కొరడాను ఆపాలి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. వేరే దారిలో పనిచేసే ఎనాలాప్రిల్ సంగతి 1987లోనే తెలిసింది. జబ్బు బాగా ముదిరిన 253 మందిలో, ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళలో 44 శాతం పోతే, ఇది మింగినవాళ్ళలో 26 శాతం పోయారు.

ఇదంతా నేను చదివింది ఆలస్యంగా. నీటి మాత్రతో వాపు దిగగానే అబ్బా "తబీయత్ ఠీక్ హై" అని మిగతావి కూడా మానేశారు. నీటి మాత్ర పనిచేస్తే కంటికి కనిపిస్తుంది. ఆయుష్షు పెంచే చిన్న మాత్రలు పనిచేస్తున్నట్టు ఒంటికి తెలియనే తెలియదు. ఆపైన రంజాన్ వచ్చింది. డాక్టర్‌ని అడగకుండానే రోజాలు మొదలెట్టారు. పన్నెండో రాత్రి సహరీకి లేపబోతే ఆయన మంచం మీద కూర్చుని గాలి కోసం తన్నుకుంటున్నారు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు.

మరుసటి ఏడాది నుంచి రోజాలకు బదులు ఫిద్యా ఇచ్చారు. బీమారుకు దీన్‌లోనే రుఖ్సత్ ఉందని మసీదు ఇమామ్ సాబ్ స్వయంగా ఇంటికొచ్చి చెబితే గానీ ఒప్పుకోలేదు. ఆచార్, అప్పడం మానారు. ఫజర్ అయ్యాక రోజూ తూకం చూసుకునేవారు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే ఫోన్ చేయమన్నారు డాక్టర్. ఆ తర్వాత నాలుగేళ్ళు బతికారు మర్హూమ్. ఆ నాలుగేళ్ళ తూకాలూ ఒక నోటుబుక్కులో ఉర్దూ అంకెల్లో రాసి ఉన్నాయి. మా చెల్లెలి పిల్లలకు ఆ అంకెలు చదవడం రాదు. అమ్మీ చదివి వినిపిస్తుంది.