శిశురోదనము - పెద్దల వ్యాఖ్యానము

శిశువు ఏడ్చినంతనే ఇంటిలోనివా రందఱును వ్యాఖ్యాత లగుదురు. తల్లి ఆకలి యనును. అమ్మమ్మ దిష్టి యనును. తండ్రి మంకుతన మనును. అడుగనిదే అమ్మయైనను పెట్టదని సామెత. మాటలురాని పసికందునకు అడుగుట యనగా ఏడ్చుటయే కదా! ఆ యేడ్పునకు అర్థము చెప్పు అధికారము మాత్రము పెద్దలది. దాని నెట్లు వినియోగించిరో చూచిన కొంత ఆశ్చర్యమును, కొంత లజ్జయు కలుగును.

క్రీ. శ. 400 ప్రాంతమున ఉత్తరాఫ్రికాయందలి క్రైస్తవాచార్యుడగు అగస్టీను, మాటలైన రాని యొక శిశువు తనతోడ పాలు ద్రావు వేఱొక శిశువును మొగము పాలిపోవ క్రూరముగ చూచుట తాను కంటినని ఆత్మకథయందు వ్రాసెను. ఆయన దృష్టిలో అది అసూయ. అసూయ కావున పాపము. మనుష్యుడు పాపముతోడనే పుట్టునని ముందే నమ్మినవానికి ఉయ్యాలయందును పాపమే కనబడుట వింతగాదు.

చార్లెసు డార్విను చూచిన తీరు వేఱు. 1839 డిసెంబరు 27న జనించిన తన జ్యేష్ఠపుత్రుని చేష్టలను ఆయన నాడు నాడు వ్రాసికొని, వానినుండి 1877లో ఒక వ్యాసము ప్రకటించెను. ఎనిమిదవ దినమున బిడ్డ ఏడ్చుటకు ముందు కనుబొమలు ముడిచెను. అది కోపము గాక బాధయే కావచ్చునని తండ్రి సందేహించెను. అసూయ స్పష్టముగ కానవచ్చినది, తాను పెద్దబొమ్మను లాలించినప్పుడును, చెల్లెలిని తూచినప్పుడును. అప్పటికి బాలునకు పదునైదున్నర మాసములు. అంతటి పండితుడు బొమ్మను ముద్దాడుచు కుమారుని మొగము పరికించుట తలచుకొన్నప్పు డెల్ల నాకు నవ్వు వచ్చును.

1927లో అమెరికాయందు మాండెల్ షెర్మన్ వ్యాఖ్యాతలనే పరీక్షించెను. ఆకలి, హఠాత్తుగ జాఱవిడుచుట, కదలనీయక పట్టుట, సూదిపోటు - వీనికి శిశువులు చూపిన చేష్టలను చలనచిత్రములుగ తీయించి చూపెను. కారణము చూచినవారు ఇది భయము, ఇది కోపమని చెప్పగలిగిరి. కారణమును దాచినపుడు ఒకరి మాటకు మఱియొకరి మాటకు పొత్తు లేకపోయెను. వేఱొక కారణమును అతికించి చూపిన, దానికి తగిన భావమునే శిశువు మొగమున చదివిరి!

శిశువు మనస్సు మనకు తెలియదనుట వినయము. తెలియదను మాట లేదను మాటగా మాఱుట ఘోరము, అదియే జరిగినది. 1941లో మిర్టిల్ మెక్‌గ్రా తన సూదిపోటు పరీక్షలలో, పుట్టిన కొలది గంటల శిశువులయందు స్పందన మల్పమని గమనించి, మెదడు పైపొర పరిపక్వము గాకుండుటయే కారణమని భావించెను. పసికందునకు నొప్పి తెలియదనియు, తెలిసినను జ్ఞాపక ముండదనియు వైద్యులలో అనేకులు తలచిరి. మత్తుమందు ప్రాణాపాయమను భయమును తోడయ్యెను. 1980 దశకము వఱకును నెలలు నిండని శిశువులకు చాలచోట్ల స్వల్పమైన మత్తుతో, కండరములను స్తంభింపజేయు మందుతో శస్త్రచికిత్స చేయుచుండిరి. ఆ మందుచే శిశువు కదలలేదు, ఏడ్వలేదు. అడుగుటకు గల యొక్క మార్గమును మూసివేసి, అడుగలేదు గనుక అక్కఱలేదనుకొనిరి.

భారతదేశమున వైద్యవిద్య నభ్యసించి ఆక్సుఫర్డున కేగిన కన్వల్‌జీత్ సింగ్ ఆనంద్ మొగమును గాక రక్తమును పరీక్షించెను. గుండెయొద్ది రక్తనాళమును మూయు శస్త్రచికిత్సయందు, ఫెంటనిల్ అను నొప్పిమందు పొందని శిశువులయందు ఆందోళనను తెలుపు రసములు అధికముగ పెరిగినవనియు, వారికే ఉపద్రవములు హెచ్చనియు 1987లో ఆయనయు సహచరులును ప్రకటించిరి. ఆ యేడే అమెరికా శిశువైద్యసంఘము పసికందులకును మత్తు నీయవలెనని ప్రకటన చేసెను.

అదే 1987లో కెనడాయందు రూత్ గ్రునౌ, కెనెత్ క్రెయిగ్ అనువారు నొప్పివేళ పసికందు మొగమున కలుగు మార్పులను ఒక్కొక్కటిగ గుర్తించి పట్టిక కూర్చిరి. గట్టిగ మూసిన కన్నులు, ముక్కు ప్రక్కనుండి పెదవి వఱకు లోతుపడిన ముడుత. వానితోపాటు, ఉబ్బి ముడిపడిన కనుబొమలు.